ఆముదం తాగిన బూట్లు

ఈ మధ్య మా వీధి అమ్మాయి ఒకతె పోలీసు కొలువుకు ఎంపికై, శిక్షణకు పోయే ముందు నాతో చెప్పిపోదామని వచ్చింది. కాళ్లకు కొత్త బూట్లు. ఆమె పాదానికి కొలిచి చేసినట్టు కుదురుగా ఉన్నాయి. వాటిని నేను అదే పనిగా చూస్తుంటే, "ఏంది పెద్దమ్మా, నా మొఖం ఇడిసిపెట్టి కాళ్లు చూస్తున్నవ్?" అని నవ్వింది. మా కాలంలో ఎలా ఉండేవో చెప్పమంది. చెప్పడం మొదలుపెట్టాను గానీ అంతలో బస్సు వేళయింది. ఆ మిగిలిన మాట ఇక్కడ రాస్తున్నాను. ఆమెకూ, ఆమెలాగా ఇప్పుడిప్పుడే కొలువుల్లో చేరుతున్న పిల్లలకూ.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. కోహీర్‌లో మా నాయన జామతోటకు కాపలా ఉంటూ, చెట్ల కింద నేలమీద పుల్లతో అక్షరాలు దిద్దించాడు. ఏడో తరగతి పరీక్ష బయటినుంచి రాయించాడు. ఆ పుల్ల పుణ్యాన్నే ఈ కలం పట్టుకున్నాను. రాతలో వంకరలుంటే సర్దుకోండి.

డెబ్భైల చివరి మాట. జహీరాబాద్‌లో మొదటిసారి ఇద్దరు ఆడవాళ్లను హోంగార్డులుగా తీసుకున్నారు. బస్టాండులో, జాతరల్లో ఆడవాళ్ల వరుసలు చూసుకోవడం, ఆడమనిషిని ఎవరినైనా స్టేషనుకు తెస్తే పక్కన కూర్చోవడం మా పని. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండో ఆమె పాత బజారులో ఉండే ముస్లిం ఇల్లాలు, నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని.

నా పెనిమిటికి సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. ఆ ఏడాదే చైను సరిచేస్తుంటే కుడిచేతి వేళ్లు అందులో పడి నలిగిపోయాయి. దుకాణం తలుపు మూసి ఉన్న రోజులే ఎక్కువయ్యాయి. అప్పుడు దొరికింది ఈ కొలువు. దేవుడు ఒక తలుపు దగ్గరికి వేసి ఇంకో తలుపు చూపించాడనుకున్నాను. ఆ తలుపు ముందు ఒక జత బూట్లు అడ్డం ఉంటాయని మాత్రం అనుకోలేదు.

స్టోరులో ఉన్నవన్నీ మగవాళ్ల కొలతలే. చీలమండ దాటే నల్లటి తోలు బూట్లు, అడుగున ఇనుప నాలాలు. అందులో చిన్నవి ఏరి మా ముందు పెట్టారు. అప్పటిదాకా నా కాళ్లకు తెలిసినవి రబ్బరు చెప్పులే. శివరాత్రికి ఝరాసంగం శివుడి గుడికి పోయేటప్పుడైతే అవీ ఉండవు. చిన్నప్పటినుంచీ ఆ నడక ఒట్టికాళ్లతోనే. ఆ పాదాలను ఈ డబ్బాల్లో పెట్టి నిలబడేసరికి, నేను ముందుకు కదిలితే బూట్లు వెనకే ఉండిపోయాయి.

మాకు పని నేర్పేందుకు పెట్టిన జమేదార్ సాబ్, అంటే హెడ్ కానిస్టేబులు, రిటైరు కావడానికి దగ్గర పడ్డ పెద్దమనిషి. మీసం నవ్వితే కదిలేది, మనిషి నవ్వేవాడు కాదు.

"ముందల జర పత్తి పెట్టుకోండ్రి అమ్మా. కొత్త బూటంటె కొత్త అల్లుడు. మొదట్ల బిగుసుకొని ఉంటడు. మెల్లమెల్లగ మనింటోడైతడు."

"అల్లుడు బిగుసుకుంటె బిగుసుకున్నడు గని సాబ్, మడిమె కొరకడు గద!" అంది ఆపా, స్తంభం పట్టుకుని కుంటుతూ.

పాలిష్ పెట్టడం కూడా ఆయనే నేర్పాడు. స్టేషను వెనక వేపచెట్టు కింద మమ్మల్ని కూర్చోబెట్టి, ముందు పొడిబట్టతో దుమ్ము తుడిపించేవాడు. ఆపా పాలిష్ డబ్బాలో రెండు వేళ్లు ముంచి తీసిందంటే ఆయన ప్రాణం పోయేది. "రొట్టెకు సాలన్ ముంచుకుంటున్నవా బేటీ? కండ్లకు సుర్మా పెట్టినట్టు పెట్టాలె. కనపడీ కనపడక!" పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పలచగా పూసి, చివరికి పాత బనీను గుడ్డకు ఒక నీటిచుక్క తగిలించి చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. ఆయన బూటు ముందుభాగంలో వేపాకులు కనిపించేవి. నాకు ఆ పని నచ్చింది. చేతులు తిరుగుతుంటే నోట్లో శివనామం దానంతట అదే తిరిగేది. తోలు పట్టుకుని ఆ నామం అనవచ్చునా అని ఒక భయం ఉండేది. అడగడానికి ఎవరూ లేక, మనసులో అనేదాన్ని.

ఆ భయం మా అత్తమ్మ పెట్టినది. ఆమె బీదర్ వైపు మనిషి. నుదుట విభూతి లేకుండా మంచినీళ్లు ముట్టేది కాదు. నేను బూట్లు పట్టుకుని వచ్చిన మొదటిరోజు గడపలో చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యో శివనే! గా తోలు ఇంట్లకా? ఆడనే, మెట్లకాడ పెట్టు. పెట్టినంక చేతులు కడుక్కో. మోచేతుల దాక."

"కొలువు బూట్లు అత్తమ్మా."

"కొలువు లోపలికి రానియ్యి. బూట్లు బయటనే."

అలా బూట్లకు వాకిట్లో మెట్టు పక్కన ఒక రాతిపలక వేశాం. ఆ నెలంతా నా మడమలు పగిలిన నేరేడుపండ్లలాగా ఉండేవి. తడి మేజోళ్లు తొడుక్కుని బస్టాండు దాకా, తిరిగి స్టేషను దాకా నడవమన్నాడు జమేదార్ సాబ్. తడికి తోలు పాదం ఆకారం నేర్చుకుంటుందట. నేర్చుకునేది అది, నెత్తురు నాది. అత్తమ్మ పసుపు, వేపాకు నూరి కట్టేది. కట్టేటప్పుడు మెట్టు వైపు చూసి పళ్లు కొరికేది.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు మమ్మల్ని చూడటానికి వచ్చే ముందురోజు సాయంత్రం, నా మేజోడు విప్పితే మడమ చర్మం దానితోపాటు ఊడి వచ్చింది. అత్తమ్మ చూసింది. నేను లోపల రొట్టెలు చేస్తున్నాను. ఆమె వాకిట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

మా మామయ్య బతికున్నప్పుడు కిర్రు చెప్పులు తొడుక్కునేవాడట. నడిస్తే కిర్రుమని చప్పుడయ్యే ఊరి చెప్పులు. కొత్తవి కట్టెలాగా ఉంటాయి. వాటికి ఆముదం తాగించి తాగించి మెత్తబరిచేవాళ్లు. మా అత్తమ్మకు తెలిసిన తోలు విద్య అదొక్కటే. ఆమె ఆ రోజు కట్టెపుల్లకు గుడ్డ చుట్టి, చెయ్యి తోలుకు తగలకుండా, నా బూట్లకు లోపలా బయటా దీపపు సీసాలోని ఆముదమంతా తాగించింది. వచ్చి ఏమీ ఎరగనట్టు పొయ్యి ముందు కూర్చుని, "రేపు చూడు బిడ్డా. పూవు లెక్క ఉంటయ్" అంది.

పూవులాగే ఉన్నాయి. పొద్దున కాలు పెడితే నొప్పి లేదు. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమె చేతులకు మొక్కి బయలుదేరాను. నొప్పి లేని నడక ఎంత హాయిగా ఉందంటే, స్టేషను చేరేదాకా కిందికి చూడలేదు. చూసేసరికి బూట్లు నల్లగా లేవు. జహీరాబాద్ ఎర్రమన్ను అంతా వాటిమీదే ఉంది. తుడిస్తే బురద అయింది. పాలిష్ పెడితే వేలు జారిపోయింది.

ఇన్‌స్పెక్టరు వరుసలో నడుస్తూ నా ముందు ఆగాడు. కిందికి చూశాడు.

"ఏందమ్మా ఇవి? వీట్ల పూరీలు గోలిచ్చినవా?"

వెనక మగ కానిస్టేబుళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపా దగ్గింది, నవ్వు దాచుకోవడానికో, నాకు తోడుగానో. ఆయన మాత్రం నవ్వలేదు. కోపిష్టి కాదు, మాటమీద నిలబడే మనిషి.

"చూడుండ్రి. ఆడోళ్లతోని ఈ పని గాదని నాకు చెప్పేటోళ్లు మస్తు మంది ఉన్నరు. నేను ఎవ్వరి మాట ఇంటలేను. శివరాత్రికి ఝరాసంగంల బందోబస్తు ఉంది. ఆడోళ్ల లైను మీ ఇద్దరికే ఇస్తున్న. పొద్దుగాల నుంచి పొద్దుమీకె దాక నిలబడాలె. బూట్లు మెరవాలె. మధ్యల ఎవ్వరు కూలబడినా ఇద్దరూ ఇంటికే. మీ జాగల వేరే ఆడోళ్లను కూడ నేను మల్ల అడగ."

ఇద్దరూ అన్నాడు. అది నా గుండెలో పడింది. నా బూట్ల మూలంగా ఆపా కొలువు కూడా పోతుంది. ఆమె ఇంట్లో నలుగురు పిల్లలు.

పరేడు అయ్యాక జమేదార్ సాబ్ నా బూటు ఎత్తి వాసన చూశాడు. "ఆముదం తాగిచ్చిందెవరు?"

"మా అత్తమ్మ సాబ్. నా కాళ్లు చూడలేక."

ఆయన మీసం కదిలింది. "మంచి అత్త. చెడ్డ వైద్యం. నూనె తాగిన తోలుకు పాలిష్ ఎక్కదు బేటీ. నూనెను బయటికి గుంజాలె. జొన్నపిండి రుద్ది చూడు."

ఇంటికొచ్చి అదే చెప్పాను. జరిగింది విని అత్తమ్మ ముఖం చిన్నబోయింది. కానీ పిండి మాట రాగానే లేచి నిలబడింది.

"ఏంది? నోట్లకు పొయ్యే పిండి కాళ్లకు తొడిగేదానికా? నీ కొలువు పోనీ, నా కొడుకు దుకాణం పోనీ. గా పాపం మాత్రం నా ఇంట్ల జరగదు."

ఇద్దరం అంట్ల దగ్గర కూర్చున్నాం. నేను కడుగుతున్నాను, ఆమె తోముతోంది. నూనె జిడ్డు పట్టిన మూకుడు ఆమె చేతిలో ఉంది. ఆ మూకుడు వైపు, తన చేతి వైపు మార్చిమార్చి చూసింది. చేతినిండా బూడిద.

"ఓ బిడ్డా," అంది నెమ్మదిగా, "గీ జిడ్డును గుంజేది గిదే గద."

పిడకల బూడిదను పలుచటి బట్టలో వేసి, విభూతికి జల్లించినంత మెత్తగా జల్లించింది. నేను బూట్లకు దట్టించి గుడ్డ చుట్టి ఉంచాను. పొద్దున విప్పితే బూడిద నల్లగా ముద్దకట్టి ఉంది. దులిపి మళ్లీ కొత్తది. అలా ఎన్నిసార్లో. మా ఆయన మెట్టుమీద కూర్చుని చూసి, "అమ్మా, బూట్లకు గూడ దీక్ష ఇచ్చినవా? ఇగ ఒక రుద్రాక్ష కట్టు, అయిపోతది" అన్నాడు. ఆమె చీపురు విసిరింది. చెయ్యి నలిగిన తరువాత ఆయన వేళాకోళం చేయడం అదే మొదలు. ఆ చీపురుకు కూడా నేను మనసులో మొక్కుకున్నాను.

శివరాత్రికి కొద్దిరోజుల ముందు పాలిష్ మెల్లగా పట్టడం మొదలయింది. ముందు మచ్చలు మచ్చలుగా. తరువాత ఒకరోజు సుర్మాలాగా పూసి, నీటిచుక్కతో రుద్దుతుంటే, తోలు అడుగునుంచి ఏదో లేచి వచ్చినట్టు వెలుగు వచ్చింది. ఆపాకు చూపించాను. ఆమె వంగి అందులో తన ముఖం చూసుకుని ముక్కుపుడక సర్దుకుంది. ఒక సంగతి మాత్రం నిజం. ఆముదం వల్ల వచ్చిన మెత్తదనం మళ్లీ పోలేదు. బూడిద మెరుపును ఇచ్చింది, ఆముదం చేసిన మేలును మాత్రం తీసుకుపోలేదు. రెండు పనులూ ఆ తల్లివే.

శివరాత్రి నాడు చీకటి ఉండగానే ఝరాసంగం చేరాం. గుడి మెట్లకు ఇవతల, చెప్పులు విడిచేచోట మా హద్దు. వెదురుబొంగులు కట్టి రెండు వరుసలు చేశారు. ఆడవాళ్ల వరుసకు నేను, ఆపా. జమేదార్ సాబ్ వచ్చి ఒకటే మాట చెప్పాడు. "పొద్దుమీకె దాక బూట్లు ఇప్పకుండ్రి. కాళ్లు ఉబ్బుతయ్. ఇప్పితే మల్ల ఎక్కయ్."

జనాన్ని చూసుకునేవాళ్లు జనం వైపే చూడాలి. అంటే గుడికి వీపు పెట్టి నిలబడాలి. అది నాకు అప్పటిదాకా తట్టలేదు. చిన్నప్పటినుంచీ ఏ శివరాత్రికీ ఆయన ముఖం చూడకుండా ఇంటికి పోలేదు. ఇప్పుడు గంటలు మోగుతున్నాయి, నా వెనకనే. తిరిగి చూడటానికి లేదు.

ఆపా నా ముఖం కనిపెట్టింది. "ఫికర్ చెయ్యకు. నేను లోపలికి పోను, నువ్వు పోలేవు. ఇద్దరిదీ ఒకటే లెక్క."

"ఉపాసమున్న ఆపా. కళ్లు తిరుగుతయేమోనని."

"రోజాల నెలల మేము ఉపాసముండి పనులు చెయ్యమా? మొగోళ్లు చూస్తున్నరు, మెడ జర లేపు."

పొద్దెక్కేకొద్దీ బస్సులు, బండ్లు, నడిచివచ్చే ఊళ్లకు ఊళ్లు. అత్తమ్మ మా వాడకట్టు ఆడవాళ్లతో వరుసలో వచ్చింది. నన్ను ఎరగనట్టే ముఖం పెట్టి, "జర ఎనకకు జరుగు పోలీసమ్మా, గంత నడి తొవ్వల నిలబడితె మేమెట్ల పోవాలె?" అంది. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆమె దాటి లోపలికి పోయింది.

ఆమె పోయిన కాసేపటికే అది జరిగింది. వెనక ఎక్కడో కొత్తగా బస్సు దిగిన జనం ఒక్కసారి నెట్టారు. ఒక వెదురుబొంగు ఫట్‌మని విరిగింది. ఆడవాళ్ల వరుస అంతా మా మీదికి ఒరిగింది. మా అడుగున కొబ్బరినీళ్లతో తడిసిన బండలు, పగిలిన చిప్పలు. నా ముందే ఒక బాలింత కాలు జారి కూలబడింది, చంకలో పసిగుడ్డు. ఆపా నేను చేతులు పెనవేసుకుని ఆమె ముందుకు దూకి జనానికి అడ్డంగా నిలబడ్డాం. నా బూటు నాలం మెట్టు అంచున గట్టిగా దిగబడింది. చిప్పలు కింద పటపటా నలిగాయి. ఒట్టికాళ్లతో ఉంటే ఆ తడి బండమీద నేను నిలిచేదాన్ని కాను. మడమల్లో మానిన పుండ్లు మళ్లీ పగలడం తెలిసింది. కదలలేదు.

"ఆగుండ్రి తల్లీ! పసిబిడ్డ ఉంది, ఆగుండ్రి!" అని నేను అరిచిన అరుపు నాదేనా అనిపించింది. మగ కానిస్టేబుళ్లు పరుగెత్తుకొచ్చి వెనకనుంచి జనాన్ని ఆపారు. బాలింత లేచింది. బిడ్డ గట్టిగా ఏడ్చింది. అంతకంటే మంచి చప్పుడు నేను ఎరగను.

కొంత సద్దుమణిగాక జమేదార్ సాబ్ వచ్చి, "పో బేటీ. నీ దేవుణ్ణి చూసి రా. ఈడ నేను నిలబడత" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు మనసులో దండం పెడతాను. కిందికి చూశాను. మేజోళ్ల పైదాకా తడి, అది నీళ్ల తడి ఒక్కటే కాదు. విప్పితే మళ్లీ ఎక్కవు. పొద్దు ఇంకా చాలా ఉంది. ఇద్దరూ ఇంటికే అన్న మాట చెవిలో ఉంది.

"వద్దు సాబ్. ఆయన ఎక్కడికీ పోడు" అన్నాను. అడ్డుకర్రను మళ్లీ రెండు చేతులా పట్టుకున్నాను.

అప్పుడే అత్తమ్మ దర్శనం చేసుకుని బయటికి వచ్చింది. గుప్పిట్లో విభూతి. ఆ విరిగిన బొంగు, నలిగిన చిప్పలు చూసింది. నా బూట్ల వైపు చూసింది. నా రెండు చేతులూ అడ్డుకర్రమీదే ఉన్నాయి. దగ్గరికొచ్చి, టోపీ కొద్దిగా పైకి నెట్టి, నా నుదుట మూడు వేళ్లతో రాసింది.

"నేను లోపలికి రాలె అత్తమ్మా. తోలు తొడుక్కొని ఉన్న."

"లోపల ఉన్నాయన ఏం కట్టుకున్నడే పిచ్చిదానా? తోలే గద," అంది. "పూసుకునేది బూడిదె, కట్టుకునేది తోలు. ఇన్నేండ్లు మొక్కినా నాకు గీ దినమే కనపడ్డది."

అని, నేను జవాబు చెప్పేలోపలే, "జరుగు పోలీసమ్మా, ఎనకోళ్లు వస్తున్నరు" అని పోయింది.

పొద్దుగూకాక ఇన్‌స్పెక్టరు అందరినీ వరుసలో నిలబెట్టాడు. మా ముందు ఆగాడు. నా బూట్లమీద కొబ్బరి పీచు, నలిగిన మారేడాకు, నూరుమంది అడుగులు. మెరుపు ఎక్కడా లేదు. ఆయన కింద చూసి, పైన నుదుట విభూతి చూసి, తోపులాటలో చిరిగిన ఆపా చొక్కా చెయ్యి చూశాడు. శభాష్ అంటాడేమోనని నేను అనుకోలేదు. ఆయనా అనలేదు.

"రేపు పొద్దుగాల స్టేషన్‌ల ఉండాలె. ఇద్దరూ," అన్నాడు. "పాలిష్ కొట్టుకొని."

రేపు అన్నాడు. ఆపా నా వేలు పట్టుకుని నొక్కింది. ఆ రేపు తరువాత ఎన్నో రేపులు వచ్చాయి. ఆపాకు, నాకు, మా వెనక వచ్చిన వాళ్లకు. కొన్నేళ్లకు నేను కానిస్టేబులునయ్యాను, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. అప్పుడు మాత్రం ఆ ఒక్క మాటే చాలు అనిపించింది.

మర్నాడు తెల్లవారి లేచి, పాలిష్ పెట్టుకోవాలి కదా అని వాకిట్లోకి పోయాను. మెట్టు పక్కన పలక ఒట్టిగా ఉంది. కుక్కలు ఎత్తుకుపోయాయేమోనని వీధి ఆ చివరదాకా చూసి ఇంట్లోకి పరుగెత్తాను.

గడప లోపల, పొయ్యికి కొద్ది దూరంలో, అత్తమ్మ కాళ్లు చాచుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ఒక బూటు. నా పాత బనీను గుడ్డ వేలికి చుట్టుకుని చిన్నచిన్న సున్నాలు చుడుతోంది. మోచేతుల దాకా నలుపు. గాజులకు నలుపు. నుదుట విభూతి పక్కన కూడా ఒక నల్లని గీత.

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది:

"భయపడకు బిడ్డా. ఆముదం పెట్టలె."